వెచ్చని గదిలో వెలగని ట్యూబులు

నేలమాళిగ ల్యాబ్ నుంచి
నెల మొదటి వారం

ఒసేయ్ తొందరమ్మా,

ఐస్ డబ్బా తెరవగానే ముందు ఈ ఉత్తరం చేతికి తగులుతుంది. దాని కింద ఉన్నవే నా ప్రాణాలు. జాగ్రత్తగా దించుకో. ఫోన్‌లో మాట్లాడుకుంటే నాలుగు మాటలకే మనిద్దరం అరుచుకుంటాం కాబట్టి, ఇంటి సంగతులు ఫోన్‌లో, ల్యాబ్ సంగతులు కాగితం మీద అని మీ ఆయన, అదే మా అన్నయ్య, రూలు పెట్టాడు కదా. నేను పాటిస్తున్నాను. నీ సంగతి చూడాలి.

మీ పెద్ద డాక్టరమ్మకు చెప్పడానికి సులువైన మాటలు కావాలన్నావు. రాసుకో. పుట్టిన బిడ్డకు జ్వరం వస్తే, అది మామూలు జ్వరమా, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందా అన్నది ఇప్పుడు రెండు మూడు రోజులకు గానీ తేలదు. పాకితే రక్తంలో రెండు గుర్తులు కనిపిస్తాయి. నా ట్యూబులో డీఎన్ఏ పోగులుంటాయి. రెండు గుర్తులూ కలిసి ఉన్నాయా అనే లెక్క ఆ పోగులే వేస్తాయి, ఏ కంప్యూటరూ అక్కర్లేదు. ఉంటే ట్యూబు పచ్చగా వెలుగుతుంది, వెంటనే మందు మొదలుపెట్టాలి. వెలగకపోతే బిడ్డను తల్లి దగ్గరే పడుకోబెట్టొచ్చు.

పోగులు లెక్కెలా వేస్తాయని అడిగితే బస్సులో ముసలమ్మ కథ చెప్పు. సీటు చివర జానెడు చోటు దొరికితే చాలు, అక్కడ ఆనుకుని, మెల్లగా జరుగుతూ జరుగుతూ కూర్చున్నవాణ్ని లేపేసి తను కూర్చుంటుంది. నా పోగులూ అంతే. ఆ జానెడు చోటే వాటి పట్టు. లేచిపోయిన పోగు వెళ్లి ఇంకో సీటు పడుతుంది. చివరి సీటు ఖాళీ అయితే వెలుగు.

పద్ధతి నీకు తెలిసిందే. రక్తం చుక్క వెయ్యి, కదుపు, గంటసేపు బల్ల మీద వదిలెయ్యి, మిషన్‌లో పెట్టి చూడు. ఈ గంట మాత్రం తొందరపడకు తల్లీ. కలిసి పనిచేసిన రోజుల్లో నువ్వు మధ్యలో మూత తీసి తొంగిచూసేదానివి.

నెలాఖరుకు మీ ఆసుపత్రి నుంచి నీ సంతకంతో రిపోర్టు రావాలి. రాకపోతే నా బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తామని మా ల్యాబ్ పెద్దాయన మొహం మీదే చెప్పాడు. ఆ బల్ల దగ్గర నా వయసెంత కరిగిపోయిందో ఒక్క నీకే తెలుసు. పెళ్లి వద్దనుకున్నదీ, అమ్మ చేత తిట్లు తిన్నదీ దానికోసమే.

పక్కగది పెద్ద మిషన్ వేడెక్కకుండా రాత్రీపగలూ ఏసీ వేస్తారు, ఇక్కడ చలి చంపేస్తోంది. అన్నయ్య పాత స్వెట్టర్ ఇంకా నా ఒంటి మీదే ఉంది. అడిగితే ఇవ్వనని చెప్పు.

నీ నత్తమ్మ

*

పిల్లల వార్డు పక్కగది నుంచి
మరుసటి వారం

నత్తమ్మా,

అక్షరాలు అక్కడక్కడా అలుక్కుపోయి ఉంటాయి, సర్దుకో. అవి నా చెమట చుక్కలు. నా గదికీ వార్డుకీ మధ్య సగం గోడే ఉంది. అప్పుడే పుట్టిన పిల్లలు ఒంట్లో వేడి నిలుపుకోలేరని వార్డును వెచ్చగా ఉంచుతారు. వాళ్లు హాయిగా నిద్రపోతారు, నేను ఇక్కడ ఉడికిపోతుంటాను. స్వెట్టర్ వేసుకుని నా మీద జోకులెయ్యి.

ఇక అసలు సంగతి. నువ్వు ఎగిరి గంతేసే కబురు కాదు.

ఫ్రిజ్‌లో దాచిన పాత శాంపిళ్లతో మొదలుపెట్టాను. ఆ పిల్లలకు ఇన్‌ఫెక్షన్ ఉందని అప్పట్లోనే తేలింది, అనుమానం లేదు. గంట ఆగాను, నీ మీద ఒట్టు, మూత ముట్టుకోలేదు. సగానికి పైగా ట్యూబులు వెలగలేదు. వెలిగినవైనా మిణుకుమిణుకుమంటున్నాయి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

ఊరికే వెలిగి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. అనవసరంగా ఒక బిడ్డకు మందు పడుతుంది, అంతే. ఇవి చీకటిగా ఉండిపోతున్నాయే! చావుబతుకుల్లో ఉన్న పిల్లల్ని చూసి ఏం ఫరవాలేదంటున్నాయి. ఈ శాంపిళ్లలో ఒకదాని తల్లి నాకు గుర్తుంది. ఆ అమ్మాయి నా గది గుమ్మంలో నేల మీద కూర్చుని ఉండేది, లేవమంటే లేచేది కాదు.

ఎక్కడ తేడా కొడుతోందో చెప్పు. నేనేం చెయ్యాలో చెప్పు. చేస్తాను.

తొందరమ్మ

*

నేలమాళిగ ల్యాబ్ నుంచి
ఉత్తరం అందిన రోజే

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ గోరంతలు కొండంతలు చెయ్యకు. ఇక్కడ నా చేతిలో అవే ట్యూబులు దీపాల్లా వెలుగుతున్నాయి. కాబట్టి తేడా మీ వైపే ఉంది. కోప్పడకుండా ఒక్కొక్కటీ చూడు.

ఆ రక్తం ఊదారంగు మూత గొట్టాల్లో తీసిందా? రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే మందు నా ద్రావణంలోని మెగ్నీషియం ఉప్పును మింగేస్తుంది. ఆ ఉప్పు లేకపోతే పోగులు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. ఆకుపచ్చ మూత గొట్టాల్లో తీసినవి వాడు. నీళ్లు ఎక్కడివి? ఆసుపత్రి కుళాయికి తగిలించిన ఫిల్టర్ నీళ్లైతే పారబొయ్యి, నేను పంపిన సీసాలోవే వాడు. గ్లవుజులు మారుస్తున్నావా, లేక చెమట తుడుచుకున్న చేత్తోనే ట్యూబు పట్టుకుంటున్నావా? మన చర్మం మీద ఉండే పదార్థాలు పోగుల్ని కొరికేస్తాయి. కిటికీ పక్కన పెట్టకు, వెలుతురుకు రంగు చచ్చిపోతుంది. రేకు చుట్టు.

ఇవన్నీ నీకు రాయడం నాకే బాగోలేదు. పాఠాలు చెప్పినట్టుంటుంది. కానీ నాకున్నది ఇంకో రెండు వారాలు. పెద్దాయన రోజూ నా తలుపు దగ్గర ఆగి, "మీ వదిన దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని నవ్వుతూ అడుగుతున్నాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోతోంది.

త్వరగా రాయి. ఈసారికి తొందరపడినా ఏమీ అనను.

మరదలు

*

పిల్లల వార్డు పక్కగది నుంచి
ఆ వారం చివర్లో

మరదలా,

ఆకుపచ్చ మూత గొట్టాలు, నీ సీసా నీళ్లు, పూటకో పెట్టె గ్లవుజులు, చుట్టూ రేకు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. కొంచెం మెరుగే. ఊదా మూత సంగతి నువ్వన్నది నిజం, ఆ మిణుకు పోయింది, వెలిగేవి నిండుగా వెలుగుతున్నాయి. కానీ ఇంకా ప్రతి మూడింట్లో ఒకటి చీకటిగానే ఉంటోంది.

నా అనుమానం వేడి మీద. మిషన్ లోపల చల్లగానే ఉంటుంది. కానీ అసలు లెక్క జరిగేది మిషన్‌లో కాదు కదా, అంతకుముందు ట్యూబు బల్ల మీద ఉండే గంటలో. నా బల్ల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. నీ ముసలమ్మకు జానెడు చోటు దొరుకుతోంది గానీ, చెమటకు చెయ్యి జారి పట్టు నిలవడం లేదు. ఆనుకున్న ప్రతిసారీ జారిపోతే పక్కవాణ్ని ఎప్పుడు లేపుతుంది? మీ చలిగదిలో జారదు. అందుకే నీకక్కడ దీపాలు, నాకిక్కడ చీకటి.

వార్డును చల్లబరచడం కుదరదు. అడగడానికి కూడా సిగ్గుపడతాను, పిల్లలు నీలిరంగుకు తిరుగుతారు. కాబట్టి మార్చాల్సింది పోగునే. ఆ పట్టు ఇంకాస్త పొడుగు పెంచి మళ్లీ చెయ్యి. దానికి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

ఈ ట్యూబుల మీద నేను సంతకం పెట్టలేను. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి కాగితాలు చింపుతున్నాను.

నీ వదిన

*

నేలమాళిగ ల్యాబ్ నుంచి
బుధవారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది.

పట్టు పొడుగు పెంచడమంటే జడకు రిబ్బను ముడి మార్చడం అనుకుంటున్నట్టున్నారు. ఒక్క పోగు మారిస్తే మిగతావన్నీ మార్చాలి. పట్టు ఎక్కువైతే గుర్తులు లేకపోయినా సీట్లు ఖాళీ చేయించి అబద్ధపు వెలుగు తెప్పిస్తుంది. మళ్లీ మొదటి నుంచి తూచుకుంటూ రావాలి. ఆరునెలల పని. నా బల్ల మరో పది రోజుల్లో పోతుంది.

వేడికి లెక్క కాస్త ఆలస్యమవుతుంది, చెడిపోదు. ఇంకాసేపు ఆగి చూస్తే సరిపోయేది. ఆగడం మీకు ఏనాడూ చేతకాలేదు. అనుమానం రాగానే తీర్పు ఇచ్చేశారు.

ఒకమాట అడగనివ్వండి. ఈ పోగుల ఆలోచన వచ్చినప్పుడు ఇద్దరం ఒకే బల్ల దగ్గర ఉన్నాం. మీరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయారు, నేను ఉండిపోయాను. ఇప్పుడిది నా ఒక్కదాని పేరు మీద బయటికి రావడం మీకు కష్టంగా ఉందా? ఉంటే తిన్నగా చెప్పండి. వార్డులో పిల్లల్ని అడ్డం పెట్టుకోకండి.

అన్నయ్యకు కూడా ఫోన్ చేసి చెప్పాను. మీ ఇద్దరి మధ్య నన్ను లాగకమ్మా అన్నాడు. ఆ గొంతు విని ఆయన కూడా మీ వైపేనని అర్థమైంది.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఆసుపత్రి నుంచి
శుక్రవారం

మరదలికి,

నువ్వు చెప్పినట్టే ఎక్కువసేపు ఆగి చేశాను. అన్ని ట్యూబులూ వెలిగాయి. ఒక్కటి కూడా తప్పలేదు. సంతకం పెట్టి రిపోర్టు మీ పెద్దాయనకు పంపించాను. సోమవారం నుంచి వార్డులో వాడతామని పెద్ద డాక్టరమ్మ అంది.

మీ అన్నయ్య రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. దాని బల్ల పోతే అది ఏమైపోతుందో అని గొణుక్కుంటూ తిరిగాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

చేతులు కొంకర్లు పోతున్నాయి, శాలువా మాటిమాటికీ జారిపోతోంది. ఇంతకంటే రాయలేను.

వదిన

*

నేలమాళిగ ల్యాబ్ నుంచి
ఆదివారం

నా బంగారు వదినా,

నీ కాళ్లు ఎక్కడున్నాయో చెప్పు, ముందు దణ్ణం పెడతాను, తర్వాత గిల్లుతాను. శనివారం సాయంత్రం పెద్దాయన నా గదిలోకి వచ్చి, నిలబడి మరీ అభినందనలు చెప్పాడు. బల్ల నాదే. ఇంకో పక్కబల్ల కూడా ఇస్తాడట. మొన్నటి నా ఉత్తరం చించి పారెయ్. అది రాసింది నేను కాదు, నాలోని రాక్షసి. పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చాక అన్నం కలుపుకుని ఏడ్చాను. అంత మాట ఎలా రాశానో నాకే తెలియదు. అన్నయ్యను కడుపునిండా తినమను. వచ్చే వారం నేనే వస్తాను, ముగ్గురం

సోమవారం.

ఆ వాక్యం నిన్న మధ్యలో ఆగిపోయింది. ఇక పూర్తవదు.

ముగ్గురం అని రాస్తూ, నువ్వెలా ఉన్నావో చూద్దామని నీ ఉత్తరం మళ్లీ తీశాను. ఒక్క మరక లేదు. ఒక్క అక్షరం అలుక్కోలేదు. చేతులు కొంకర్లు పోవడమేమిటే? శాలువా ఏమిటే? పెళ్లి ఫోటోలన్నిట్లో నువ్వు చెమట తుడుచుకుంటూనే ఉన్నావు. అన్నయ్య దుప్పటి కప్పుకుంటే ఆ పక్కన ఫ్యాన్ పెద్దది చేసే మనిషివి. ఆ ఆసుపత్రిలో శాలువా కప్పుకోవాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది. రక్తం సీసాలు దాచే చల్లగది.

పొద్దున్నే మా గది ఏసీ ఆపించాను. పక్కగది వాళ్లు కేకలేశారు, వెయ్యనిచ్చాను. రెండు హీటర్లు తెచ్చి బల్లకు అటూ ఇటూ పెట్టాను. స్వెట్టర్ విప్పేశాను. నా దగ్గర పిల్లల రక్తం లేదు కాబట్టి రెండు గుర్తులూ నా చేతులతో నేనే కలిపి ట్యూబుల్లో వేశాను. వెలిగి తీరాలి. గంట ఆగాను. నీకు చెప్పినట్టే ఇంకా ఎక్కువసేపు కూడా ఆగాను.

వెలగలేదు వదినా. ఇన్నేళ్ల నుంచీ ఉప్పు తూచాను, నీళ్లు తూచాను, పోగు పోగునూ తూచాను. ఈ గది చలి కూడా నా ద్రావణంలో ఒక దినుసని ఒక్కనాడూ అనుకోలేదు. నువ్వు ఒక్క వారంలో అనుకున్నావు. నీ నోరు నేను నొక్కేశాను.

నీకు ఫోన్ చేశాను. మోగలేదు. ఆ చల్లగది గోడల్లోకి ఫోన్ రాదని ఒకసారి నువ్వే చెప్పావు. మళ్లీ అక్కడే కూర్చుని ఉంటావనుకున్నాను. అందుకని నేరుగా మీ పెద్ద డాక్టరమ్మకు చేశాను. ట్యూబులు వాడొద్దని, తయారీలో తప్పు జరిగిందని, తప్పు పూర్తిగా నాదని చెప్పాను. నీ రిపోర్టు మాట ఎత్తలేదు. చల్లగది మాట అసలే ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు. నిన్ను అందులోకి నెట్టింది నేను. తర్వాత మేడెక్కి వెళ్లి పెద్దాయనకు కూడా అదే చెప్పాను. ఈసారి నవ్వలేదాయన. బల్ల మీద సామాను రేపు అట్టపెట్టెల్లో సర్దుకోమన్నాడు.

నాకోసం చేశావని తెలుసు. అన్నయ్య గొణుగుడు వినలేక చేశావని కూడా తెలుసు. అయినా నాకు ఒళ్లు మండుతోంది. నామీద అరవాల్సింది పోయి నామాట విన్నావెందుకే? అరిస్తే నేను కూడా అరిచేదాన్ని, అంతే కదా, ఎప్పుడూ ఉండేదే కదా!

వార్డులో ఇవాళ ఏ బిడ్డకైనా ఆ ట్యూబు పెట్టారా? ఆ ఒక్కమాట చెప్పు. డాక్టరమ్మ నేను చెప్పింది విని, సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది. ఆ సరే ఏ సరేనో తెలియక చస్తున్నాను.

నీ నత్తమ్మ

*

పిల్లల వార్డు నుంచి
ఉత్తరం చేతిలో పట్టుకునే

నత్తమ్మా,

పెట్టారు. ముందు ఆ మాట చెప్పేస్తాను, నువ్వు ఊపిరి పీల్చుకోవాలంటే చివరిదాకా చదవాలి.

సోమవారం పొద్దున్న ఒక ఆడపిల్లకు జ్వరం. పుట్టి రెండు రోజులు. పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, "మీ ట్యూబు తెండి" అంది. అక్కడే, ఆ పాప ఉయ్యాల పక్కనే బల్ల మీద పెట్టాను. తల్లి ట్యూబు వంకా నా వంకా మార్చి మార్చి చూస్తోంది. గంట దాటి, నువ్వు చెప్పినంతసేపూ ఆగి, మిషన్‌లో పెట్టి చూశాను. చీకటి. డాక్టరమ్మ ఆ తల్లి భుజం తట్టి, "ఏం భయం లేదమ్మా, పాలు పట్టు" అని అటు తిరిగింది.

చల్లగదిలో శాలువా కప్పుకుని, వెలిగిన ట్యూబులన్నిటినీ చూస్తూ సంతకం పెట్టినప్పుడు ఇంత కష్టం కాలేదు. అక్కడ తల్లులు లేరు. తప్పు కాదులే, ట్యూబులు వెలిగిన మాట నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడ ఆ అమ్మాయి నాకు థ్యాంక్స్ చెప్పిందే! రెండు చేతులూ పట్టుకుని మరీ చెప్పింది.

డాక్టరమ్మ వెనకే పరిగెత్తాను. "ఆ ట్యూబును నమ్మకండి, మందు మొదలుపెట్టండి" అన్నాను. ఎందుకంది. నిలబడే అంతా చెప్పేశాను. ఆవిడ ముందు నర్సును పిలిచి పాపకు మందు ఎక్కించమంది. ఆ తర్వాత నన్ను గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. అప్పుడు చూడాలి ఆవిడ కళ్లు. నేను తల దించుకుని నిలబడి ఉండగా బల్ల మీద ఫోన్ మోగింది. నువ్వు.

ఫోన్ పెట్టేసి ఆవిడ నావైపు తిరిగింది. "మీ ఆడపడుచు తప్పంతా తనదే అంటోంది. మీరు మీదే అంటున్నారు. ముందు మీరిద్దరూ తేల్చుకుని రండి" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

కాబట్టి నన్ను కాపాడాలనే నీ ప్లాను పారలేదు. ఇకమీదట రిపోర్టుల మీద నా సంతకం చెల్లదు, ఇంకొకరు చూసి పెట్టాలి. ఆవిడ ఎప్పటికి క్షమిస్తుందో తెలియదు. క్షమించకపోయినా అనడానికి నాకు నోరు లేదు. ఇంట్లో మీ అన్నయ్యకు చెబితే ఫోన్‌లో అరుచుకోవద్దని నేనెందుకు చెప్పానురా దేవుడా అన్నాడు. ఇద్దరూ అరుచుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదట. ఆ రూలు ఎత్తేశాడు.

పాప రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టు నిన్న వచ్చింది. పాపకు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందట. నీ ట్యూబు మాట విని ఉంటే ఈపాటికి ఏమయ్యేదో నేను రాయను, నువ్వు ఊహించుకోకు. ఇవాళ పొద్దున్న పాలు తాగింది. తాగి, నామీదే కక్కింది.

ఇంకొకటి. మధ్యాహ్నం డాక్టరమ్మను కలిసి, వార్డులో ఒక మూల చోటు ఇమ్మని అడిగాను. అడిగే మొహం కాదు నాది, అయినా అడిగాను. పట్టు పొడుగు పెంచిన పోగుల్ని ఈ వార్డులోనే, ఈ వేడిలోనే తయారుచేస్తామని, ఇన్‌ఫెక్షన్ ఉందని ముందే తేలిన శాంపిళ్ల మీద తప్ప ఏ బిడ్డ మీదా వాడమని చెప్పాను. ఆవిడ నన్ను తీసుకెళ్లి గుడ్డల బీరువా పక్క చోటు చూపించింది. చిన్న బల్ల పడుతుంది, రెండు కుర్చీలు ఇరికించొచ్చు. ఏసీ లేదు, ఎప్పటికీ రాదు. జీతం మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అట్టపెట్టెలు విప్పకుండా అలాగే తీసుకుని రా. స్వెట్టర్ అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్.

నువ్వు అడిగిన ఆ మాటకు కూడా జవాబు చెబుతాను. కష్టంగా ఉండేది. నీ ఒక్కదాని పేరే ఉంటుందంటే నాకు కష్టంగానే ఉండేది. అందుకే నీ ఉత్తరం చదివాక, నేను నిజంగా కుళ్లుతోనే వేడి వేడి అంటున్నానేమో అని నామీద నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానంతోనే చల్లగదిలోకి వెళ్లాను.

ఎక్కడెక్కడ అక్షరాలు అలుక్కుపోయాయో చూసుకుని చదువుకో. ఉయ్యాలల మధ్య కూర్చుని రాస్తున్నాను. ఒళ్లంతా చెమట.

తొందరమ్మ